కిటికీ పక్క కుర్చీ

సాంఘికశాస్త్రం టీచరమ్మగారికి,

మీ క్లాసులో అడగకముందే చెయ్యెత్తే పిల్ల ఉందే, దాని తాతని. నా చదువు అంతంత మాత్రం, కాబట్టి సూటిగా రాస్తున్నాను.

పౌరులన్నాక నోరు విప్పాలని, ఏదైనా అందరినీ అడిగి తేల్చాలని మీరు చెప్పారట. బడిలో చెప్పుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా మనవరాలు దాన్ని ఇంటికి పట్టుకొచ్చింది. వీధి గదిలో కిటికీ పక్కన నా పడక్కుర్చీ ఉండేది. అక్కడ వెలుతురు బాగుంటుంది, కుట్టుమిషను పెట్టుకుంటానని కోడలు ఎప్పటినుంచో అడుగుతోంది. నేను వద్దన్నాను. నేను వద్దంటే అయిపోవాలి కదా. మనవరాలు ఓటు పెట్టింది.

"తాతయ్యా, నువ్వు కూడా మాట్లాడొచ్చు, రెండు నిమిషాలు" అంది. నా ఇంట్లో నాకు రెండు నిమిషాలు. మా అబ్బాయి నేల చూస్తూ చెయ్యెత్తాడు. గిన్నెలు తోముతున్న మా ఆవిడ చెయ్యి కడుక్కొచ్చి మరీ ఎత్తింది. ఇప్పుడు నా కుర్చీ పెరట్లో, బట్టలారేసే తీగ కింద ఉంది. వీధిలో ఎవరు పోతున్నారో తెలియక చస్తున్నాను.

ఒక్కటి అడుగుతాను. మీ హెడ్మాస్టరుని ఎవరు ఓటేసి కూర్చోబెట్టారు?

"నచ్చకపోతే అర్జీ పెట్టుకో తాతయ్యా, అది నీ హక్కు" అని ఈ కాగితం ఇచ్చింది కూడా మనవరాలే. సంతకాలు ఎక్కువుంటే అర్జీకి బలమట. ఇంట్లో అందరినీ అడిగాను. కింద ఉన్నది నా ఒక్కడిదే.

మళ్లీ ఓటు పెట్టమని మీరే దానికి చెప్పండి. ఈలోగా మా ఆవిడతో కాస్త మంచిగా మాట్లాడుతుంటాను.

పెరట్లోంచి,
దాని తాత