అప్పన్న ఎక్కని చెట్టు

2025 జూన్ 14

ఈవేళ దింపు. అప్పన్న పొద్దున్నే వచ్చి దొడ్లో కొబ్బరిచెట్లన్నీ ఎక్కి కాయ దింపాడు. చెట్టుకి యాభై అని ముందే మాట. తీరా దిగాక మా సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు నలభై లెక్కన చేతిలో పెట్టారు. పేరెంత పొడుగో చెయ్యి అంత పొట్టి మా ఆయనకి. పోయేటప్పుడు రెండు కాయలివ్వడం మామూలు. అదీ ఎగ్గొట్టారు. అప్పన్న ఆయ్, అలాగేనండి అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

నోరెత్తలేదు చూసేవా అని ఈయన సంబరం. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

జూన్ 15

అమలాపురం షోరూంలో ఏసీ కొన్నాం. ట్యాగ్ మీద ఎంతుంటే అంతా కార్డు గీకేశారు. పైగా సేల్స్ కుర్రాడికి థాంక్యూ సర్ అట. టై కట్టుకున్నవాడి దగ్గర నోరు పెగలదు. చెట్టెక్కేవాడి దగ్గర మాత్రం పెద్ద లాయరు!

ఆగస్టు 10

కాయ ముదిరిపోయింది. ఫోన్ చేస్తే అప్పన్న ఆయ్, వస్తానండి అన్నాడట. రాలేదు. ఊళ్ళో మిగతా దింపువాళ్ళూ అంతే. రేపొస్తామండి, తప్పకుండానండి. ఒక్కరూ కాదనరు, ఒక్కరూ రారు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పెద్దమనిషికి ఆ మర్యాదకి అర్థం తెలీదు. ఏం ఖర్మ!

ఆగస్టు 19

కాయ పడి బకెట్ బద్దలు.

ఆగస్టు 23, మధ్యాహ్నం

అత్తగారు పెరట్లో పీట వేసుకుని తోటకూర బాగుచేస్తుంటే ఎండుకాయ ఆవిడ భుజం రాసుకుంటూ పడింది. బెత్తెడు ఇటు పడి ఉంటే... ఛీ, రాయలేను. ఈయన పరిగెత్తుకొచ్చి ముందు కాయ పగిలిందేమో చూశారు. ఆ తర్వాత తల్లిని. థూ!

చెట్టు కింద ఎందుకు కూర్చున్నావని ఆవిడకే క్లాసు. అత్తగారు తక్కువ తిన్నారా? పది రూపాయల కోసం నా తలకాయ బేరం పెట్టేవేంట్రా అన్నారు. ఈయన చెప్పులేసుకుని బజారుకి వెళ్ళిపోయారు.

సాయంత్రం

నేనే అప్పన్న ఇంటికి వెళ్ళాను. నేను బ్లౌజులు కుట్టిన డబ్బులోంచి పాత బాకీ ఇచ్చి, రెండు కాయలూ పెట్టాను. రండమ్మగారూ అని కుర్చీ తుడిచి వేశాడు. కింద చెప్పిన మాట దిగేక మార్చేస్తే మళ్ళీ ఎలా ఎక్కుతామండి అన్నాడు. అంతే. తిట్టలేదు. తిడితే బావుండేది.

ఆగస్టు 24

అప్పన్న వచ్చి దొడ్డంతా దింపాడు. చెట్టుకి యాభై చొప్పున నేనే ఇచ్చాను. దొడ్డి బాత్రూంకి వెళ్ళే దారి మీది చెట్టు ఒక్కటి మాత్రం ఎక్కొద్దన్నాను. అత్తగారూ నేనూ లోపలి బాత్రూం వాడతాం. దొడ్లోది ఈయనగారిదే. ఆ చెట్టు సంగతి అయ్యగారితోనే మాట్లాడుకో అన్నాను. ఆయ్ అని నవ్వాడు.

ఈయన అప్పన్నని ఆ చెట్టెక్కమని అడగలేదు. ఇప్పుడు యాభై ఇస్తే పరువు పోతుందట.

ఆగస్టు 25

ఈయన హెల్మెట్ పెట్టుకుని స్నానానికి వెళ్ళారు.