పంపినవీ చేరినవీ

మధురానగర్, హైదరాబాదు
ఆదివారం సాయంత్రం

పెద్దక్కకు,

నీ శారద నమస్కరించి రాస్తున్నది. ఒంట్లో ఎలా ఉంది? చెవికి పెట్టుకునే మిషను అలవాటైందా, లేక డబ్బాలోనే దాచుకున్నావా? ఫోన్లో నేనొకటంటే నువ్వొకటి వింటున్నావని బావగారు నవ్వుతూ చెప్పారు. అందుకే ఈ ఉత్తరం. నిదానంగా చదువుకో. బావగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మా చరణ్ నిన్ను విసిగించడం లేదు కదా? పదో తరగతి పరీక్షలయ్యేదాకా వాడు నీ దగ్గరుంటాడన్న ధైర్యంతోనే నేనిక్కడ నిలబడగలుగుతున్నాను. ఆయన కూడా ఓడ మీద నుంచి నెట్ దొరికినప్పుడల్లా రెండు ముక్కలు పంపిస్తున్నారు. బాగానే ఉన్నారట. నేనూ బాగానే ఉన్నాను, బెంగపడకు.

బాగానే ఉన్నాను గానీ, అలసిపోయానక్కా. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. జూబ్లీహిల్స్ పైనుంచి నీళ్ళన్నీ రోడ్ల మీదుగా కిందికి దిగుతాయి. తడిసిన రోజున ఫిలింనగర్ ఎత్తు ఎక్కడానికి ఆటోవాళ్ళు ఒప్పుకోరు. నడిచి వెళ్ళేసరికి చీర కుచ్చిళ్ళు బురద. మా ఆఫీసు ఒక పాత బంగళా. పక్కనే డబ్బింగ్ స్టూడియో. వాళ్ళు తలుపు తీసినప్పుడల్లా ఎవరో ఒకావిడ ఏడుపు వినిపిస్తుంది. అదే ఏడుపు, అదే మాట, మళ్ళీ మళ్ళీ. మొదట్లో ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు తల కూడా తిప్పను. సాయంత్రం వచ్చేటప్పుడు కర్రీ పాయింట్‌లో పప్పో కూరో కట్టించుకుని, గదిలో కుక్కర్ పెట్టుకుంటాను. తింటున్నాను, మానేయడం లేదు. తిన్నాక మాట్లాడటానికి మనిషి ఉండదు, అంతే.

నా ఉద్యోగం ఏమిటో నీకు సరిగ్గా చెప్పనే లేదు. సినిమాల్లో పెళ్ళి సీన్లోనూ సంత సీన్లోనూ వెనకాల జనం ఉంటారు చూడు, జూనియర్ ఆర్టిస్టులు. ఇదివరకు ఏజెంట్లు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలిచేవారట. ఇప్పుడు ఏజెంటు మా కంపెనీ యాప్‌లో ఒక్కసారి నొక్కితే చాలు. అందరి ఫోన్లూ మోగి, రేపు ఫలానా చోట షూటింగ్ అని కబురు వెళుతుంది. వచ్చేవాళ్ళు ‘వస్తా’ అని నొక్కాలి. నొక్కకపోతే రాలేదని పడుతుంది, పేరు కిందికి జారుతుంది. అలా జారీ జారీ చివరికి ఏజెంటు పిలవడమే మానేస్తాడు.

ఆ యాప్ నడిచే కంప్యూటర్లు మా ఆఫీసులో లేవు. ఎక్కడో అద్దెకు తీసుకున్నవి, క్లౌడ్ అంటారు. కంటికి కనపడని ఆ కంప్యూటర్లు ఎలా ఉన్నాయో, ఏ పని ఎక్కడ ఆగిందో చూపించడానికి ఇంకో వెబ్‌సైట్ ఉంది. దాన్ని నేర్చుకుని, రోజంతా కనిపెట్టుకుని ఉండటమే నా పని. కాకినాడలో బిల్లుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికినదానికీ దీనికీ పోలికే లేదు. తెర నిండా గ్రాఫులు. ఒకటి నొక్కితే పది తెరుచుకుంటాయి. వచ్చిన దారి మర్చిపోయి, మళ్ళీ మొదటికి వెళ్ళి మొదలుపెట్టేదాన్ని. పైగా అలర్టులు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే టింగుమంటుంది. తీరా చూస్తే ఏమీ ఉండదు. ఇంకో వింత చెప్పనా, అందులో వేళలు మన గడియారం ప్రకారం ఉండవు, అయిదున్నర గంటలు వెనక ఉంటాయి. అది తెలియక ఒకరోజంతా పొద్దున జరిగినదాన్ని మధ్యాహ్నంలో వెతికాను.

మా టీమ్ లీడ్ కిరణ్ గుంటూరు కుర్రాడు, నాకంటే బాగా చిన్న. మంచివాడే. “తెర పచ్చగా ఉన్నంతసేపూ పట్టించుకోకండి మేడమ్. ఎర్రగా అయితే నన్ను పిలవండి,” అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, రేణుక వచ్చేదాకా.

రేణుకది బోరబండ. పదిహేనేళ్ళుగా జూనియర్ ఆర్టిస్టు. ఒక వానరోజు తడిసిన గొడుగు పట్టుకుని మా ఆఫీసు మెట్ల మీద నిలబడింది. వాచ్‌మన్ లోపలికి రానివ్వడం లేదు. నేను టీ కోసం బయటికి వచ్చాను, నన్ను పట్టుకుంది.

“మేడం, నాకు కాల్ వస్తలేదు. ఏజెంటేమో పంపినం, నువ్వే వస్తలేవంటున్నడు. రమ్మంటే రాకపోతనా మేడం? ఇంట్ల పొయ్యి ఎట్ల వెలగాలె?”

కిరణ్‌ని పిలిచాను. అతను తన లాప్‌టాప్‌లో చూసి, మర్యాదగానే చెప్పాడు. “అన్నీ వెళ్ళాయండీ. ఇదిగో, మీకు పంపినట్టే ఉంది. మీ ఫోన్లోనే ఏదో తేడా. ఒకసారి షాపులో చూపించండి.”

“చూపిచ్చిన సార్. ఫోన్ మంచిగనే ఉందన్నడు.”

“మా వైపు అంతా పచ్చగానే ఉందండీ.”

ఆవిడకి ఆ మాట అర్థం కాలేదు. పచ్చగా ఉండటమేమిటన్నట్టు నా ముఖం చూసింది. గొడుగు విప్పుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అక్కా, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ కాగితం ఈ నెలలోనే రావాలి. పైగా ఒక పెద్ద సినిమా నిర్మాణ సంస్థవాళ్ళు వచ్చి మా యాప్ చూసే రోజు, డెమో అంటారు, దగ్గరపడుతోంది. అప్పటిదాకా కొత్త గొడవలు తవ్వొద్దని పైనుంచి మాట. కానీ నాకు భోజనం సయించలేదు. మర్నాడు మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళాక, రేణుక నంబరు పెట్టి వెతకడం మొదలుపెట్టాను.

అందులో ఒక సదుపాయం ఉంది. ఒక్క కబురును పట్టుకుని, అది బయల్దేరిన దగ్గర్నుంచి ఏ గుమ్మం దగ్గర ఆగిందో, ఎక్కడికి వెళ్ళిందో వెంటపడి చూడొచ్చు. ఆమె కబురు మా దగ్గర బయల్దేరింది, ఫోన్లకు చేర్చే వేరే కంపెనీ గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ వందల కబుర్లు ఒకే కట్టగా ఇస్తాం. వాళ్ళు కట్ట మొత్తానికి ‘అందింది’ అని ఒకే జవాబు ఇస్తారు. ఆ జవాబును విప్పితే లోపల ఒక్కొక్కరిదీ విడిగా రాసి ఉంది. రేణుక దగ్గర ‘ఈ ఫోన్ దొరకలేదు’ అని ఉంది. మా ప్రోగ్రాము పైమాట చదివి పచ్చ రంగు వేసింది గానీ, లోపలిది ఏనాడూ చదవలేదు.

రేణుక ఒక్కతే కాదక్కా. యాప్‌ను కొత్తగా మార్చినప్పుడు, ఫోన్లో చోటు లేక మార్చుకోలేనివాళ్ళందరిదీ అదే కథ. పేర్లు కిందికి జరుపుతూ పోతుంటే తెర నిండిపోయింది.

కిరణ్ రాగానే చూపించాను.

“ప్రోగ్రాములో ఈ ముక్క నేనే రాశానండీ,” అన్నాడు. “డెమో అయ్యాక చూద్దామా?”

“ఈలోపు వీళ్ళకి రోజూ రాలేదనే పడుతుంది కదా కిరణ్.”

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, పైఅంతస్తులో యజమానుల దగ్గరికి వెళ్ళాడు. పైన గట్టిగా మాటలు వినపడ్డాయి. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. చరణ్ ఫీజు, గది అద్దె, అన్నీ కళ్ళముందు తిరిగాయి. కిందికి దిగి వచ్చి, “సరిచేయమన్నారండీ. డెమో వాయిదా వేశారు. మన ఇద్దరి మీదా కోపంగానే ఉన్నారు,” అన్నాడు.

సరిచేశారు. తప్పుగా పడ్డ ‘రాలేదు’లన్నీ తీయించి, ఏజెంట్లకు చెప్పారు. నా తెర మీద మొదటి గడిలో ఇదివరకు ‘పంపినవి’ ఉండేది. దాని పక్కన ‘చేరినవి’ అని ఇంకో గడి పెట్టాను. ఇప్పుడు నా తెర ఎప్పుడూ కొంచెం ఎర్రగానే ఉంటుంది. నా కాగితం మాత్రం ఇంకా రాలేదు. అడగడానికి ఓపిక లేదు.

రేణుకకు ఫోన్ చేసి చెప్పాను, మీ పేరు మళ్ళీ ఎక్కిందని. సంతోషిస్తుందనుకున్నాను. “మంచిది మేడం,” అంది. “మరి పోయిన దినాలు?” అని అడిగింది. అప్పటికే ఆవిడ బంజారాహిల్స్‌లో ఎవరింట్లోనో వంటపనికి కుదిరిందట.

ఫోన్లో చోటు లేనివాళ్ళకు కొత్త యాప్ ఎవరో ఒకరు ఎక్కించాలి కదా. ఇవాళ పొద్దున నేనే బోరబండ వెళ్ళాను. కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఇళ్ళు. రేణుక గడపలో చాప వేసింది. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా ఫోన్లు పట్టుకుని వచ్చారు. ఏదో ఒకటి తీసేస్తేగానీ కొత్తది ఎక్కదు. రేణుక ఫోన్ నిండా సినిమా ముక్కలే.

“ఇది తీసేద్దామా?” అన్నాను.

“వద్దు మేడం! గండ్ల నేనున్న. అగో, హీరో ఎన్కకెల్లి పోతున్న, ఆకుపచ్చ చీర.”

“మరి ఇది?”

“గండ్ల గూడ ఉన్న. ముఖం కనవడది, చెయ్యి కనవడ్తది.”

అవేవీ ముట్టుకోలేదు. చివరికి ఆవిడ ఆడపడుచు రోజూ పంపే శుభోదయం బొమ్మలు కుప్పలుగా దొరికాయి. అవి తీసేస్తే చోటు సరిపోయింది. అందరం నవ్వాం. ఇక్కడికి వచ్చాక నేను నలుగురిలో కూర్చుని నవ్వడం అదే మొదలు.

అన్నీ అయ్యాక కిరణ్‌కి ఫోన్ చేసి, ఒక ఉత్తుత్తి పిలుపు పంపమన్నాను. సెలవు రోజైనా పంపాడు. ముందు పక్కింటి ఫోన్ మోగింది, తర్వాత పై మెట్ల మీద ఒకటి, కింద ఒకటి. రేణుకది మోగలేదు. ఆవిడ ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. అప్పుడు మోగింది.

రేణుక వేలితో ‘వస్తా’ మీద నొక్కింది.

“అది ఉత్తదే రేణుకా, షూటింగ్ ఏమీ లేదు,” అన్నాను.

“ఎరుకే మేడం,” అంది ఫోన్ మీంచి చూపు తిప్పకుండా. “జర ఒత్తనియ్యుండ్రి.”

అక్కడి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నీకు రాస్తున్నాను. కాళ్ళు లాగుతున్నాయి, నిద్ర ముంచుకొస్తోంది. వీలైతే ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు కాస్త మాగాయ పంపించు. చరణ్‌ని పొద్దున పాలు తాగకుండా బడికి పంపకు. బావగారికి నా నమస్కారాలు. పక్కింటి మామ్మగారిని అడిగానని చెప్పు. నీ చెయ్యి నా తల మీద ఉన్నట్టే అనుకుని పడుకుంటాను.

నీ చెల్లెలు,
శారద