పన్నెండు ట్యాగులు, ఈదుచున్నవి

గౌరవనీయులైన రిజిస్ట్రార్ గారికి,
జలవిజ్ఞాన విశ్వవిద్యాలయం, తార్నాక, హైదరాబాద్.

అయ్యా,

విషయం: రిజర్వాయరు చేపల కడుపుల్లో ఉన్న పన్నెండు ట్యాగులను స్టోర్సుకు అప్పగించలేదని నా 'నో డ్యూస్' పత్రం నిలిపివేయుట గురించి.

పరిశోధక విద్యార్థిని కృపారాణి విన్నవించుకొనునది ఏమనగా:

1. రిజర్వాయరులో చేపలు ఎప్పుడు ఎటు వెళ్తాయన్నది నా పరిశోధన. పన్నెండు బొచ్చెచేపల కడుపు కోసి, చిటికెన వేలంత ట్యాగు పెట్టి, కుట్టి, నీళ్లలో వదిలాను. ట్యాగు నిమిషానికోసారి చప్పుడు చేస్తుంది, నీటిలో దించిన మైకు వింటుంది. ఏడో నంబరు ఏటా వానలకు ఎగువ మలుపుకే వెళ్లి గుడ్లు పెడుతోంది. నా థీసిస్ ఆఖరి అధ్యాయం అదే.

2. థీసిస్ సమర్పణకు గడువు ఈ నెల 31. దాటితే ఐదేళ్ల చదువు రద్దగును. నో డ్యూస్ కొరకు వెళ్లగా స్టోర్సు సూపరింటెండెంట్ పేరయ్య గారు, "వస్తువు కంటికి కనబడాలి కదమ్మా! నీళ్లలో ఉందంటే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా?" అన్నారు. వారి ఫారంలో 'ఉన్నది', 'విరిగినది', 'పోయినది' అని మూడే గడులు. నేను 'ఈదుచున్నవి' అని చేత్తో రాస్తే కొట్టేశారు.

3. 'పోయినది' అనుటకు పోలీసు కాగితం కావాలట. సిగ్గు చంపుకుని స్టేషనుకూ పోయాను. "ఎవరి మీద అనుమానమున్నది మేడం?" అన్నాడు కానిస్టేబుల్. చేపల మీద అన్నాను. అందరూ నవ్వారు. నవ్వరా మరి?

4. ఛీ! (దీనికి ఆఫీసు భాషలో మాట దొరకలేదు. మన్నించగలరు.)

5. చివరకు పేరయ్య గారు, "ఒక్కటి తెచ్చి చూపించు, మిగతావి నేను చూసుకుంటా" అని హామీ ఇచ్చారు. నమ్మాను. మైకు దించి ఏడో నంబరు ఎక్కడుందో నేనే చూపించాను. పడవ నడిపే చంద్రయ్య, "గిది గుడ్ల టైము మేడం, గిప్పుడు వల ఎయ్యద్దు" అని బతిమాలాడు. వేయించాను. కడుపు నిండా గుడ్లు. ఆ పని చేసింది నేనే. నా మీద నాకే అసహ్యం వేసింది.

6. ట్యాగు కడిగి, చేపతో సహా బల్ల మీద పెట్టాను. రిజిస్టరులో 'ఉన్నది' అని టిక్కు పెట్టి పేరయ్య గారు అన్నది: "చూశావా, తేవచ్చన్నమాట! మిగతా పదకొండూ పట్టుకొచ్చెయ్. ఆ చేప ఇక్కడే వదిలెయ్యమ్మా, హాస్టల్లో నువ్వేం చేసుకుంటావు?"

కావున ఫారంలో నాలుగో గడి చేర్పించి, పదకొండు ప్రాణాలను స్టాకు కింద లెక్కించకుండా ఈ అర్జీ చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కృపారాణి

తా.క.: తమరు దీని మీద 'తగు చర్య నిమిత్తం స్టోర్సుకు' అని రాసి కిందికి పంపుతారని తెలుసు. కాబట్టి పేరయ్య గారూ, ఇది చదువుతున్నది మీరే. పులుసు బాగా కుదిరిందా? గుడ్లు కూడా వేపుకున్నారా? మిగతా పదకొండింటినీ నేను తేను. నా డిగ్రీ మీ స్టోర్సులోనే పెట్టుకోండి.