గుడారంలో కుడివైపు తడి

నైట్ డ్యూటీ నుంచి రాగానే మేడెక్కు. టీ తర్వాత తాగుదువు. గుడారం విప్పలేదు, ఎండ తగలకుండా పైన దుప్పటి కప్పాను. పక్కింటి కొత్త జంట సాయంత్రం దాని కోసం వస్తే ఇవ్వకు. ఇస్తానన్న నోరు నాదే, తిట్లు తినేదీ ఆ నోరే.

ఇచ్చే ముందు చిల్లులున్నాయేమో చూద్దామని రాత్రి అందులో ఒక్కణ్ణే పడుకున్నాను. మొదట వాన దంచింది, చుక్క లోపలికి రాలేదు. తర్వాత గాలికి ఊగింది గానీ నిలబడింది. తెల్లవారే ముందు చలి. "బావా, దీనికి మూడు కాలాలకే గ్యారంటీ, నాలుగోది పోయేకాలం" అని నీ తమ్ముడు ఎగతాళి చేసేవాడు. ఆ జోకు చివరికి వాడి మీదే పేలింది, ముందు వాడే పోయాడు.

చలికి మన ఊపిరే గుడ్డకు తగిలి నీళ్లవుతుంది. పొద్దున్న నా తలకు పైన గుడ్డ తడిసి ఉంది, అది నా ఊపిరి. కుడివైపు, వాడు ఎప్పుడూ గురక పెడుతూ పడుకునే చోట, తల పెట్టే దగ్గర కూడా అంతే తడి. మధ్యలో పొడిగా ఉంది. జిప్పు నేను వేసినట్టే ఉంది.

ఎడమవైపు తుడిచేశాను. కుడివైపు ముట్టుకోలేదు. ఆరిపోకముందే నువ్వు ఒకసారి చెయ్యి పెట్టి చూడు. బస్సు టైమైంది, వెళ్తున్నా.

భయం వేయలేదా అని అడుగుతావు. తడి చూసి వేయలేదు. ఇద్దరం పడుకున్నా గురక నాదొక్కటే వినపడిందే, అందుకు వేసింది.