ఎనిమిదో గ్లాసు

నేను, వయసు అరవై రెండు, వృత్తి వడ్రంగం, అందరి నోటా తలుపులాయనను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా నా అంతట నేను రాసుకుంటున్న ఆఖరి మాట ఇది. స్వస్థచిత్తంతో రాస్తున్నానన్న ముక్క మొదట్లోనే ఉండాలని లాయరు గారు పట్టుబట్టారు. ఉంది, రాసుకోండి. నలభై ఆరేళ్ళ దాకా నాకది లేదని చెప్పడానికి మా ఇంటావిడ ఎప్పుడూ సిద్ధమే గాని, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. చేతులు మాత్రం వణుకుతున్నాయి. ఉలి పెడితే గీత మీద నిలవడం లేదు. అందుకని ఈ చిత్తుప్రతిని శుభ్రంగా తిరగరాయమని మా అబ్బాయికిస్తున్నాను. వారసుడి చేత వీలునామా రాయించడమేమిటని లాయరు గారు తల పట్టుకున్నారు. నేను వినలేదు. కారణం ఆరో అంశంలో ఉంది.

నేను ఇదివరకు ఏ వీలునామా రాయలేదు. కానీ కాగితమూ సంతకమూ లేకుండానే, పదహారేళ్ళ కిందట మా అబ్బాయికి ఒకటి ముట్టజెప్పాను. దాన్ని వెనక్కి తీసుకోవడం ఈ కాగితంలో అసలు పని. మిగతావన్నీ సామాన్లు.

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా భార్యది. తపాలా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసిన మనిషి. ఏది ఎవరికి చేరాలో ఆవిడకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఒకటో అంశం. ఇల్లు, ఇంటి పక్కన కార్ఖానా, అందులోని యంత్రాలు నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందవలసినవి. ఆవిడ తర్వాత మా అబ్బాయికి. వీటితోపాటు వంటింట్లోని భోజనాల బల్ల ప్రత్యేకంగా ఆవిడకే రాస్తున్నాను. దాని చరిత్ర తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అది బల్ల కాదు, తలుపు. కార్ఖానా వెనక గదికి నేను చేసుకున్నది. నా జీవితంలో అంత మంచి తలుపు మరొకటి చేయలేదు. మూస్తే చప్పుడుండదు, చీమ దూరే సందుండదు, లోపల రెండు గడియలు, బయట తాళం. డిజైన్లు చూసుకుంటున్నానని చెప్పి ఆ గదిలో కంప్యూటరు ముందు కూర్చుని నేను చూసినవి బూతు వీడియోలు. అంతకు ముందు పుస్తకాలు, సీడీలు. పెళ్ళయితే మానేస్తాననుకున్నాను. బాప్తిస్మం తీసుకుంటే మానేస్తాననుకున్నాను. కొడుకు పుడితే మానేస్తాననుకున్నాను. ఆదివారం మాత్రం చర్చిలో ముందు వరసలో నిలబడి గొంతెత్తి కీర్తనలు పాడేవాణ్ణి. నా గొంతులో భక్తి ఉందనేవారు. గొంతు దాకా ఉండేదేమో.

నా భార్యకు నిజం చెప్పిన రోజున ఆ తలుపును బందులతో సహా ఊడదీశాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు ముంగిట్లో నిలబెట్టి, పొయ్యిలో పెట్టేస్తానన్నాను. ఆవిడ దాన్ని వేళ్ళతో తడిమి చూసి, “మంచి చెక్క. దీన్నెందుకు తగలబెట్టడం? తప్పు చేసింది ఇది కాదుగా” అంది. తర్వాత దానికి కాళ్ళు పెట్టించింది. గడియ బిగించిన చోట చిల్లులు ఇప్పటికీ ఉన్నాయి. ఉప్పు తీసుకున్నప్పుడల్లా కాస్త వాటిలో పడుతుంది. నేను తుడుస్తాను. ఐదేళ్ళ పాటు ఆవిడ ఆ బల్ల దగ్గర నాతో ఉప్పు, నీళ్ళు, ఇంకాస్త అన్న మాటలు తప్ప మాట్లాడలేదు. ఐదేళ్ళ తర్వాత ఒక సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్ళి, తలుపు కొన్నవాడొకడు నలుగురి ముందు నా పని బాగాలేదన్నాడనీ, నాకు చాలా చిన్నతనంగా ఉందనీ చెప్పాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి కూర్చుంది. “మీరు ఏడ్చి ప్రమాణాలు చేసినప్పుడు నమ్మలేదు. ఇప్పుడు కాస్త నమ్ముతున్నా” అంది. ఆ కాస్త మీదే ఇన్నేళ్ళు బతికాను. దానికి బదులుగా రాసివ్వడానికి నా దగ్గర ఏ ఆస్తీ లేదు.

రెండో అంశం. పాస్టరు గారికి, నా అటక మీదున్న రేకు పెట్టె. అందులో పగిలిన ఫోన్లు మూడున్నాయి. శోధన వస్తే దాన్ని మూలం నుంచి తీసేయాలని ఆయన బోధించారు. నేను సుత్తితో తీసేశాను. మొదటి ఫోను పగలగొట్టినప్పుడు ఆయన దేవునికి స్తోత్రం అన్నారు. రెండోదానికి ఉపవాసం ఉండమన్నారు. మూడోదానికి, ఫోన్లు అమ్మేవాడితో నీకేమైనా చుట్టరికముందా అని అడిగారు. నన్ను ఒక్కసారి కూడా అసహ్యించుకోలేదు, గడప అవతల నిలబెట్టలేదు. మళ్ళీ ఎవరైనా సుత్తి పట్టుకుని వస్తే ఆయన ఈ పెట్టె తెరిచి చూపించాలని నా కోరిక. తర్వాత వాణ్ణి కూర్చోబెట్టి, నిన్న ఏం జరిగిందిరా అని అడగాలి.

మూడో అంశం. మా చర్చి సంఘపెద్ద అయిన బావమరిదికి, ఒక కాలు పొట్టిదైన స్టూలు. పన్నెండేళ్ళ కిందట ఆయన కోసమే చేసి, ఆ వారమే జరిగిన ఒక సంగతి వల్ల కోపమొచ్చి ఇవ్వకుండా దాచుకున్నాను. కాలు నేనే కోశాను. సంగతేమిటంటే, నా బలహీనత ఆయనకు నమ్మి చెప్పుకున్నాను. ఆయన బుధవారం కూడికలో లేచి, “మన తలుపులాయన కోసం భారంగా ప్రార్థించండి. విషయమేంటని మాత్రం అడక్కండి” అన్నాడు. అందరూ అడిగారు. గురువారానికల్లా సంఘమంతా తెలిసిపోయింది. ఒక నెల నేను ఎవరికీ ముఖం చూపించలేదు.

ఆ నెలలోనే నాకు తలుపుల ఆర్డర్లు పెరగడం మొదలైంది. ఒక్కొక్కరే, ఎవరికీ తెలియకుండా, సంఘంలోని మగవాళ్ళు కొలతలిస్తామని కార్ఖానాకు వచ్చేవారు. వచ్చి, కొలతలు మరచిపోయి, రంపపు పొట్టులో కూర్చుండిపోయేవారు. ఆరుగురొచ్చారు. ఆరుగురిలో ఒక్కడికి కూడా తలుపు అవసరం లేదు. బావా, నువ్వు నోరు జారకపోతే వాళ్ళు నా దగ్గరికి వచ్చేవారు కారు. అందుకు కృతజ్ఞతలు. స్టూలు మాత్రం అలాగే తీసుకో, కాలు సరిచేయించుకోకు.

నాలుగో అంశం. ఆ ఆరుగురికి, నా చేతి పనిముట్లు, పంచుకోవడంలో పోట్లాడుకోకూడదన్న షరతు మీద. శనివారం పొద్దున్న ఏడుగురం కార్ఖానాలో కూర్చునే అలవాటు నా తర్వాత కూడా సాగాలి. అందుకు గది తెరిచి ఉంచడానికి నా భార్య ఒప్పుకుంది. ఎందుకు కూర్చుంటామో తెలియక కొందరు మేము పేకాడుతున్నామనుకుంటారు. మొదట్లో మేమూ తప్పులు ఒప్పుకోవడానికే కూర్చున్నాం. వారమంతా ఎవరు ఎన్నిసార్లు పడ్డారో చెప్పుకుని, ప్రార్థన చేసుకుని, మళ్ళీ వెళ్ళి పడేవాళ్ళం. పడేముందు ఏం జరిగిందో ఎవరూ అడిగేవారు కాదు, ఎందుకంటే మాకు కోపం, ఆకలి తప్ప ఇంకో పేరు తెలియదు. ఎవణ్ణి పలకరించినా బాగానే ఉన్నా అనేవాడు. చివరికి మాలో ఒకడైన బస్సు డ్రైవరు విసిగిపోయి ఒక చట్టం చేశాడు. బాగానే ఉన్నా అన్నవాడు ఆ పూట టీ గ్లాసులన్నీ కడగాలి. రెండు నెలలు నేనే కడిగాను. తర్వాత ఒకరోజు కళ్ళద్దాల దుకాణం ఆయన, యాభై ఏళ్ళ మనిషి, “నాకు దిగులుగా ఉందండీ” అన్నాడు. అని, ఆ మాట ఎవరన్నారో తెలియనట్టు చుట్టూ చూశాడు. ఆ రోజు నుంచే మేము బాగుపడటం మొదలైంది. నేను అటువైపు వెళ్ళి పదకొండేళ్ళయింది. ఇది గొప్ప కోసం రాయడం లేదు. లెక్క తప్పితే ఆ ఆరుగురికి తెలుసు.

డ్రైవరూ కళ్ళద్దాలాయనా ఈ కాగితానికి సాక్షులు. సాక్షి సంతకం పెట్టినవాళ్ళకు ఇందులో ఏదీ రాయకూడదట. కాబట్టి వాళ్ళ వాటా ఉలులూ చిత్రికా నిన్ననే చేతికిచ్చేశాను. డ్రైవరుకు ఉలి ఏ వైపు పట్టుకోవాలో తెలియదు. అయినా వాడికే ఇచ్చాను.

ఐదో అంశం. మా కోడలికి, నేను చేతులు వణకకముందు చేసిన నగల పెట్టె, ఇంకా ఒక జవాబు. పెళ్ళైన రెండో ఏడు ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, “మావయ్యా, ఆయన్ని ఏమడిగినా బాగానే ఉన్నానంటారు. పక్కనే ఉంటారు, దొరకరు. మీ ఇంట్లో అందరూ ఇంతేనా?” అని అడిగింది. నేను నవ్వి, పెట్టెకు మెరుగు పెట్టుకుంటూ కూర్చున్నాను. జవాబు తెలిసీ చెప్పలేదు. అమ్మా, అందరూ కాదు. నేను అంతే ఉండేవాణ్ణి, వాడికి అది నేనే నేర్పాను. కింద చదువు.

ఆరో అంశం. మా అబ్బాయికి.

ఒరే నాన్నా, ఇది నీ చేత్తోనే రాస్తున్నావు గనక తప్పించుకోలేవు. నాకూ అదే కావాలి.

నీకు పదమూడేళ్ళు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి ఏదో ప్రింటు తీసుకోవడానికి వెనక గదిలోకి వెళ్ళావు. ఆ రోజు నేను బయటికొస్తూ తాళం వేయడం మరచిపోయాను, కంప్యూటరు ఆపడం మరచిపోయాను. నిన్ను భోజనానికి పిలవడానికొచ్చిన మీ అమ్మ తెర చూసింది, నీ ముఖం చూసింది. నేను వెనకే వచ్చాను. వచ్చి, నీ చెంప మీద కొట్టాను. ఇవేం పాడు పనులని అరిచాను. నువ్వు నావైపు చూశావు గాని నోరు విప్పలేదు. పదకొండు రోజులు మీ అమ్మ ఆ పని నీదే అనుకుంది. పదకొండు రోజులు నీతో బైబిలు చదివించింది. పన్నెండో రోజు నేను ఆవిడకు నిజం చెప్పాను. నీకు చెప్పలేదు. నీకు సైకిలు కొనిచ్చాను. ఎలా ఉందిరా అంటే, “బాగానే ఉంది నాన్నా” అన్నావు. అప్పటి నుంచి ఏమడిగినా అదే మాట.

నేను నీకు ఇచ్చిన మొదటి ఆస్తి అది. తప్పు నాదైతే శిక్ష నీకు, ఆ పైన మౌనం. దాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. కొట్టింది నేను, చూసింది నేను, అబద్ధమాడింది నేను. నువ్వు ఏ తప్పూ చేయలేదు. నన్ను క్షమించు. క్షమించకపోయినా ఇల్లు నీదే, దీనికి షరతు లేదు. నీకు కూడా ఆ అలవాటు అంటుకుందో లేదో నేను ఎన్నడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. అడిగే హక్కు ఆ చెంపదెబ్బతో పోయింది.

కార్ఖానా అలమరలో పై అరలో ఒక టీ గ్లాసు పదేళ్ళుగా బోర్లించి ఉంది. మేము ఏడుగురం, గ్లాసులు ఎనిమిది. అది ఎవరిదని వాళ్ళు అడగలేదు, వాళ్ళకు తెలుసు. నా తదనంతరం అది నీకు చెందవలసినది.

ఏడో అంశం. ఇది వణికే చేత్తో నేనే రాస్తున్నాను, అక్షరాలకు లాయరు గారు క్షమించాలి. ఈ పొద్దున్న సంతకాల కోసం ఆరుగురూ వచ్చారు. మా అబ్బాయి శుభ్రప్రతి తీసుకుని వచ్చాడు. కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. డ్రైవరు అలవాటు కొద్దీ, ఎలా ఉన్నావు బాబూ అన్నాడు. వాడు అలవాటు కొద్దీ, బాగానే ఉన్నానండీ అన్నాడు. వాడే, ఎవరూ చెప్పకుండా, చొక్కా చేతులు మడిచి, ఏడు గ్లాసులూ పట్టుకుని పంపు దగ్గరికి వెళ్ళాడు. కడిగి తెచ్చాడు. తర్వాత అలమర పై అర అందుకుని ఎనిమిదోదీ తీసి, దాని దుమ్ము కడిగి, మిగతావాటి పక్కన పెట్టాడు. కళ్ళద్దాలాయన అందులో టీ పోశాడు.

సగం తాగాక నావైపు చూడకుండా, “నాన్నా, అప్పుడు చాలా భయమేసింది. నువ్వు చెప్తావని రోజూ ఎదురుచూశా” అన్నాడు. నేను ఏడ్చాను. ఈసారి ప్రమాణాలేవీ చేయలేదు.

కనుక ఆరో అంశంలోని గ్లాసును నా ఆస్తి జాబితా నుంచి తొలగించవలసినది. అది నేను బతికుండగానే దాని హక్కుదారుకు చేరింది.

మార్చి పదహారో తేదీ, శనివారం, పొద్దున్న తొమ్మిదిన్నర.

సంతకం: తలుపులాయన

సాక్షులు: బస్సు డ్రైవరు, కళ్ళద్దాల దుకాణం ఆయన

దస్తూరి: ఆరో అంశం దాకా మా అబ్బాయిది. మొదట్లో నా పేరు దగ్గర మా నాన్న అని రాసి, కొట్టేసి, తలుపులాయన అని మార్చాడు. ఆ కొట్టివేత నాకు సమ్మతమే గాని, కొట్టేసిన మాటే నాకు ఎక్కువ ఇష్టం.