బియ్యం కింద కుట్టు మిషను

ఆళ్లగడ్డ,
3-6-1979

చిరంజీవి కరుణాకర్‌ను ప్రభువు పేరున దీవించి పెద్దనాయన యోబు వ్రాసేది.

ఒకటే ప్రశ్న. మొన్న ఒకటో తేదీన పత్తిమిల్లులో నీ చేతికి వచ్చిన రెండువందల పది రూపాయల్లో ఇప్పుడెంత మిగిలింది? జేబు తడుముకోకుండా చెప్పగలవా?

నీ చెల్లెలు లూదియా కూలికి పోయి, వేళ్లు పగిలి ఇంటికొస్తాంది. టైలరు చెన్నకేశవులు ఈ ఏటితో పని మానుకుంటాడట. కుట్టు మిషను రెండువందల యాభైకి మనకిస్తానన్నాడు. నవంబరు ముప్పై దాకా ఆగుతాడు, ఆపైన వేరేవాళ్లకు. అది వస్తే పిల్ల నీడపట్టున బతుకుతుంది. నలభై నేను కూడబెడతాను. రెండువందల పది నీ వంతు.

యోసేపు ఐగుప్తులో పంట ఇంటికి చేరకముందే అయిదో వంతు తీయించాడు. తిన్నాక మిగిలింది కాదు. నీకు గది అద్దెకిచ్చిన ప్రమీలమ్మను చూడు. పూటపూటా గుడికని దేవుని కుండలో పిడికెడు బియ్యం వేశాకే ఎసట్లో పోస్తుంది. నువ్వూ అట్లే చెయ్. ముందు పిడికెడు, తర్వాతే పొట్ట.

నీ క్షేమం కోరి మోకరించే
యోబు

తా.క. పోయినసారి వచ్చినప్పుడు నీ బైబిల్లో సినిమా టికెట్టు కనబడింది. అదీ యోబు గ్రంథంలో. దాచడానికి నా పేరున్న పుస్తకమే దొరికిందా నీకు?

నంద్యాల,
19-6-1979

పూజ్యులైన పెద్దనాయనకు కరుణాకర్ వందనాలు.

మీ మాట తు.చ. తప్పకుండా పాటించాను. అయితే నేను తినేది మెస్సులో. పిడికెడు తీద్దామంటే గదిలో బియ్యమే లేవు. అందుకని కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు, ఒక కుండ, పది కిలోల బియ్యం కొన్నాను. డెబ్భై ఎనిమిది రూపాయలైంది. పూటకో పిడికెడు కుండలో వేస్తున్నాను. కుండ నిండితే మిషను ఎట్లా వస్తుందో తెలియలేదు. విశ్వాసంతో వేస్తున్నాను.

మీ మాట జవదాటని
కరుణాకర్

తా.క. కిరసనాయిలు దొరకడం లేదు. స్టవ్వు మూలన పెట్టి మళ్లీ మెస్సులోనే తింటున్నాను. పిడికెడు మాత్రం మానలేదు.

ఆళ్లగడ్డ,
24-6-1979

కరుణాకర్‌కు దీవెనలు, ఇంకా మిగిలి ఉంటే.

నీ ఉత్తరం చదివి బూడిదలో కూర్చోవాలనిపించింది. బైబిల్లో నా పేరుగలాయన ఆ పని ఎప్పుడో చేశాడు. నేను చెప్పింది బియ్యం సంగతి కాదురా, జీతం సంగతి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగాడు. నువ్వు కూర్చోలేదు, అంగడికి పరుగెత్తావు.

స్టవ్వు అమ్మెయ్. ఒకటో తేదీన జీతం అందగానే, టీ కూడా తాగకముందే, అయిదో వంతు నలభై రెండు పక్కన పెట్టు. అయిదు జీతాలకు నీ వంతు తీరుతుంది. మిగిలిన నూట అరవై ఎనిమిదిలోనే అద్దె, మెస్సు, సబ్బు. ఖర్చయిన ప్రతి పైసా ఆ రోజే రాసుకో. రాస్తుంటే చేతికే సిగ్గొస్తుంది.

నీ మీద ఆశ వదులుకోలేని
యోబు

తా.క. దుడ్లు కంటికి కనబడితే ఆగవు. గుడ్డలో చుట్టి ఆ బియ్యం కుండ అడుగున పెట్టు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనీయకు.

నంద్యాల,
12-11-1979

పెద్దనాయనకు వందనాలు. ఏ ముఖంతో రాయాలో తెలియడం లేదు.

అయిదు జీతాల్లోనూ నలభై రెండేసి తప్పకుండా కుండ అడుగున పెట్టాను. సినిమా మానాను. చెప్పు తెగితే మేకు కొట్టించుకుని తిరిగాను. నిన్న ఆదివారం ఇక్కడి గుడిలో కోత పండగ. మిల్లులో నాకు సెలవివ్వలేదు. ప్రమీలమ్మ ఇంటింటా పిడికెడు బియ్యం పోగుచేస్తూ నా గదిలో నిండుకుండ చూసిందట. "మెస్సులో తింటాండే పిల్లోడు గూడా దేవునికి తీసిపెట్టినాడే" అని కళ్లు తుడుచుకుని కుండ ఎత్తుకుపోయింది. అర్పణలన్నీ వేలం వేశారు. ఆమె వంట దగ్గరుండి ఎవరు పాడుకున్నారో చూడలేదు. నలభైకి పోయిందని మాత్రం విన్నది.

దారి తోచని
కరుణాకర్

తా.క. నిన్న గుడిలో ప్రసంగం చేసింది మీరే కదా. అయిదు రూపాయల బియ్యానికి నలభై పెట్టిన ఆ తెలివితక్కువవాడు మీకు గుర్తున్నాడా?

ఆళ్లగడ్డ,
24-11-1979, శనివారం

కరుణాకర్‌కు,

ఆ తెలివితక్కువవాడిని నేనే.

ఉత్సాహంగా ఇచ్చేవాడిని దేవుడు ప్రేమిస్తాడని ముప్పావుగంట అరిచాను. ఆ కుండ వచ్చేసరికి ఎవరూ అయిదు దాటలేదు. అరిచిన నోటికి సిగ్గేసి నలభై అనేశాను. అవి లూదియా మిషనుకని నేను దాచిన నలభై. బస్సులో కుండ మోయలేక, పండక్కి వచ్చిన విధవరాలు, బండి ఆత్మకూరు ఊరి ఆదెమ్మ చేతిలో పెట్టి వచ్చాను.

పాములపాడు సభలు ముగించుకుని వచ్చి నీ ఉత్తరం నిన్న చూశాను. చూసినవాణ్ణి చూసినట్టే ఆదెమ్మ ఇంటికి పోయాను.

"అయ్యా, మీరిచ్చిన బియ్యం నేనెట్ల వండుకుంటాను? మా గుడికే ఇచ్చేస్తి. ఆదివారం మా కోత పండగ, పాటలో పెడతారు" అంది.

"తిరిగి అడిగితే ఏమంటారమ్మా?"

"అడిగినోళ్లు, దేవుని సొమ్ము దాచుకున్న అననీయ మాదిరి, ఆడికాడే పడి చస్తారని మీరే చెప్పినారు గదయ్యా."

చెప్పాను. బల్ల గుద్ది చెప్పాను.

లూదియాకు ఇంకా తెలియదు. ఈ పొద్దున చెన్నకేశవులు అంగడికి పోయి మిషను తుడిచి వచ్చింది. గడువు ఆరు రోజులే ఉంది.

రేపు ఆరాధన కాగానే వేలం. నా దగ్గర పైసా లేదు. స్టవ్వు అమ్మావా? అమ్మి ఉండవని తెలుసు. మొదటిసారి నీ బద్ధకానికి దేవుణ్ణి స్తుతిస్తున్నాను. అది అమ్మి, దుడ్లు తీసుకుని, రేపు మొదటి బస్సుకే బండి ఆత్మకూరుకు రా. కుండ చవగ్గా దక్కితే మిగిలింది నేను పోగొట్టిన నలభైకి కలుపుదాం. పోస్టును నమ్మక ఈ ఉత్తరం బస్సు డ్రైవరు నారాయణ చేతికిస్తున్నాను.

తన నోటికే చిక్కిన
యోబు

తా.క. రేపు అక్కడ వేలం వేయించేది నేనే. ధర పెంచకుండా ఊరుకోవడం నాకు చేతకాదు, నీకు తెలుసు. ముందు వరసలో నిలబడు, నేను గొంతు సవరించుకునేలోపే పాడు. ఈ ఉత్తరం మడుస్తూ కూర్చోవద్దు. లెయ్. స్టవ్వు ఇయ్యాలే అమ్ము.