బస్టాండు వెనక ఏడుపు కొట్టు

కృష్ణా జిల్లా, తిరువూరు కాపురస్తురాలు, పెనుగొలను ఆడపడుచు, ........................ గారి భార్య, ఇరవై ఆరేళ్ళ వయసు గల నాగేశ్వరమ్మ అను నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ప్రేరేపణా లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా.

నేను ఐదో తరగతి దాకా చదివాను. చట్టానికి కావలసిన మాటలు దస్తావేజులు రాసే శాంతయ్యగారు చెబుతున్నారు. మిగతావి నావి. పైన భర్త పేరు రావలసిన చోటు ఖాళీగా వదిలాను. "అట్లా వదిలితే చెల్లదమ్మా" అన్నారాయన. చివర సంతకం దగ్గర రాస్తానన్నాను. ఎందుకు వదిలానో రెండో అంశంలో ఉంది.

పూర్తి తెలివితో అన్న మాట ఊరికే రాయలేదు. నాకు తెలివి లేదని చెప్పే కాగితం ఒకటి మా అత్తవారి బీరువాలో ఉంది. నేను పోతే, ఈ వీలునామాను కొట్టేయించడానికి వాళ్ళు ముందు దాన్నే బయటకు తీస్తారు. అందుకే రాస్తున్నాను: ఇవాళ బుధవారం. రేపు గుండె ఆపరేషనుకి మద్రాసు వెళుతున్నాను. ఈ ఊరి డాక్టరు జగన్నాథరావుగారు నన్ను పరీక్షించి, గుండె తప్ప తక్కినదంతా బాగానే ఉందన్నారు. ఆ మాట ఆయన చేత సాక్షి సంతకం దగ్గర మళ్ళీ రాయిస్తాను.

1. మా అమ్మ వెంకాయమ్మ నా పేర రిజిస్టరు చేయించిన రెండు గదుల పెంకుటిల్లు, బస్టాండు వెనక వీధిలోనిది. తూర్పు వీధి, దక్షిణం కరీంబీ ఇల్లు, ఉత్తరం పంచాయతీ బావి, పడమర మా మామగారు వెంకటప్పయ్యగారి పత్తి గోడౌను. ఈ హద్దుల్లోని ఇల్లు, అరుగుతో సహా, సరోజినీదేవిగారి అధీనంలో ఉండాలి. ఈ వీలునామా అమలు జరిపించవలసినదీ ఆవిడే.

సరోజినీదేవిగారు వాల్తేరులో చదువుకున్నారు. మనుషుల కష్టం విని, వాళ్ళంతట వాళ్ళే దారి చూసుకునేలా చేసే చదువు. విజయవాడలో ఉద్యోగం చేస్తూ గురువారం గురువారం బస్సులో మన ఊరు వచ్చి కూర్చునేవారు. దీన్ని కౌన్సెలింగ్ అంటారట. ఊళ్ళో ఏడుపు కొట్టు అన్నారు. మా అత్తగారు సుబ్బాయమ్మగారు నేను రాగానే, "ఏమ్మా, ఇవాళ కొట్టు తెరిచారా? ఎన్ని శేర్లు అమ్ముడుపోయిందేంటి?" అనేవారు.

2. ఈ అంశంలో ఆస్తి ఏమీ లేదు. ఉండి తీరాలని నేనే పట్టుబట్టాను.

మా పాప పురిటిలోనే జ్వరంతో పోయింది. ఆస్పత్రికి తీసుకెళ్ళమని నేను అడిగాను. మెల్లగా అడిగాను, నా గొంతే అంత. ఇరవై ఒకటో రోజు దాటకుండా పసిబిడ్డతో గడప దాటకూడదన్నారు. బారసాల కాలేదు కాబట్టి పాప పేరు లేకుండానే పోయింది. తరవాత నాకు మాట్లాడాలనిపించలేదు. వేపమండలతో కొట్టించారు, తాయెత్తులు కట్టించారు. చివరికి నా భర్త నన్ను విజయవాడలో పిచ్చికి మందిచ్చే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

ఆ డాక్టరు ప్రశ్నలన్నీ నా మొహం చూసే అడిగారు. జవాబులన్నీ నా భర్త చెప్పారు. తింటుందా అంటే తినదండి. నిద్రపోతుందా అంటే పోదండి. ఒక్క ప్రశ్నకు మాత్రం డాక్టరు ఆయన్ని ఆపి, "మీరు చెప్పకండి. నీ భర్త పేరేంటమ్మా?" అని నన్నడిగారు.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజు వాకిట్లో ఆపి అందరికీ చేసినట్టే మాచేతా పేర్లు చెప్పించారు. నేను చెప్పింది వినపడలేదని ఆడపడుచు మళ్ళీ చెప్పించి నవ్వింది. లోపలికి రాగానే మా అత్తగారు, "అయిందిగా సరదా. ఇక ఆ పేరు నీ నోట రాకూడదు. మొగుడి ఆయుష్షు తగ్గుద్ది" అన్నారు. అది దేవుడి పేరు. భజనలో ఆ దేవుణ్ణి తలిచినప్పుడల్లా అందరూ పాడుతుంటే నేను పెదవులు బిగించుకున్నాను. అలాంటిదాన్ని డాక్టరు ముందు ఎలా పలుకుతాను? తల వంచుకున్నాను. మళ్ళీ అడిగారు. ఇంకా వంచుకున్నాను. భర్త పేరు కూడా గుర్తు లేదని రాసేశారు.

ఆ డాక్టరు తల్లి మాత్రం ఆయన తండ్రిని పేరు పెట్టి పిలిచి ఉంటుందా? ఆయనకు ఆ సంగతి తట్టలేదు. తట్టిన మనిషి నా పక్కనే ఉన్నారు. నేనెందుకు చెప్పడం లేదో నా భర్తకు తెలుసు. కిటికీలోంచి బజారు చూస్తూ ఊరుకున్నారు. ఆయన ఆయుష్షు కోసం నేను మూసుకున్న నోరు నా పిచ్చికి రుజువైంది. ఆ కాగితం పట్టుకుని రెండో సంబంధం మాట్లాడుతున్నారని కూడా విన్నాను.

సరోజినీదేవిగారి దగ్గరికీ ఆయనే తీసుకెళ్ళారు, ఆ మాట దాచను. ఆవిడ ఆయన్ని బయట కూర్చోమన్నారు. "ఆవిడ మాట్లాడదండి" అన్నారీయన. "అయితే ఇద్దరం ఊరుకుంటాం లెండి" అన్నారావిడ. నిజంగానే ఊరుకున్నారు. తరవాతి వారమూ ఊరుకున్నారు. ఒక గురువారం మాత్రం, "పాపను నువ్వేమని పిలుచుకునేదానివి?" అని అడిగారు. చెప్పాను. ఆ పేరు ఇక్కడ రాయను. దాన్ని ఎవరికీ రాసివ్వడం లేదు.

విజయవాడ సంగతి నేను, వంతు వచ్చేదాకా గది బయట వేసిన బల్ల మీద కూర్చుని కరీంబీకి చెప్పాను. ఆమె నవ్వి, "నేనూ ఏనాడూ చెప్పలేదు, మా పిల్లల నాయన అంటా. మరి నా పిచ్చి కాయితం ఏదమ్మా?" అంది. బజారు ఊడ్చే మేరమ్మ, "ఊరందరికీ ఇవ్వాలంటే డాక్టరుకి కాయితాలు చాలవు లేమ్మా" అంది. పాప పోయాక నేను నవ్వింది అప్పుడే. నవ్వుతుండగానే కిటికీలో మా మామగారు కనిపించారు.

సరోజినీదేవిగారు కూర్చునేది ఆయన గోడౌను ముందుగదిలోనే. ఊరికి మంచి చేశానని చెప్పుకోవడానికి ఆయనే ఇచ్చారు. కోడలు, కరీంబీ, మేరమ్మ ఒకే బల్ల మీద భుజాలు తగిలేలా కూర్చోవడం ఆయన చూశారు. మర్నాటికి గదికి తాళం. "పత్తికి చోటు చాలడం లేదు" అన్నారు. అప్పటికి చేలో పత్తి పూతకు కూడా రాలేదు. నా ఇంట్లో అప్పుడు అద్దెవాళ్ళున్నారు; కూర్చునే చోటు లేక సరోజినీదేవిగారు రావడం మానుకున్నారు. బల్లను వీధిలో పడేయిస్తే కరీంబీ తెచ్చి తన వసారాలో దాచింది.

3. అందువల్ల ఇంటికి ఈ షరతులు.

ఆ బల్ల ఈ ఇంట్లోనే ఉండాలి. దాని పక్కన కుర్చీ వేయరాదు. ఏ కులం వారైనా, ఏ మతం వారైనా, ఎంత పొలం ఉన్నవారైనా వస్తే దాని మీదే కూర్చోవాలి. మగవాళ్ళూ రావచ్చు. ఏడుపు ఆడవాళ్ళకు మాత్రమే రాసివ్వలేదు.

ఇచ్చుకోగలవాళ్ళు పావలా ఇవ్వాలి. లేనివాళ్ళు ఏమీ ఇవ్వనక్కరలేదు. పావలా వేసే డబ్బా గుమ్మం పక్కన ఉండాలి, ఎవరు వేశారో ఎవరు వెయ్యలేదో లోపలివాళ్ళకు కనపడరాదు.

తీసుకొచ్చిన వాళ్ళు అరుగు మీద కూర్చోవాలి. మొగుడైనా, అత్తైనా, కన్నతల్లైనా సరే. ఒకరి నోటి జవాబు ఇంకొకరు చెప్పరాదు. భర్త పేరు కావలసి వస్తే రాయించుకోవాలి, రాయడం రాకపోతే ఇరుగుపొరుగును అడగాలి. చెప్పలేదని ఎవరి మీదా ఏమీ రాయరాదు.

4. పసుపుకుంకుమల కింద మా నాన్న నాకు రిజిస్టరు చేసి ఇచ్చిన, రెడ్డిగూడెంలోని ఎకరం మామిడి తోట. కాపు అమ్మగా వచ్చినది సరోజినీదేవిగారి జీతానికీ, బస్సు టికెట్లకూ, ఇంటి మరమ్మతులకూ వాడాలి. ఆవిడ రాలేకపోతే ఆ చదువు చదివిన మరొకరిని పెట్టాలి. తోట అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు.

అందులో బావి పక్క చెట్టు కాయలు మాత్రం ఏటా మా అత్తగారికి. పుల్లగా, కండగా ఉంటాయి, ఆవకాయకు అంతకంటే మంచివి దొరకవు. ఆవకాయ కలిపిన రోజు ఆవిడ మొదటి ముద్ద నాకే పెట్టేవారు. అది మరిచిపోలేదు. గడప మాటా మరిచిపోలేదు.

5. పాప వెండి గజ్జెలు మేరమ్మ కూతురికి. అవి ఇంతవరకు ఎవరి కాళ్ళకూ పెట్టలేదు. పరుగెత్తే పిల్లకు పెట్టాలి.

6. మా మామగారికి ఏమీ లేదు. అయితే నా ఇంటి పడమటి కిటికీ ఆయన గోడౌను వైపుకే తెరుచుకుంటుంది. దాన్ని ఎవరూ మూయరాదు. బల్ల మీద ఎవరు కూర్చున్నారో చూడాలనిపిస్తే ఆయన చూసుకోవచ్చు.

7. నా భర్తకు నా ఇత్తడి మరచెంబు, మంగళసూత్రాలు. ఆయన మీద నాకు ఇష్టం లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఆ రోజు విజయవాడ వెళ్ళేటప్పుడు బస్సు కుదుపులకు నా తల కిటికీ చువ్వలకు తగలకుండా దారి పొడుగునా చెయ్యి అడ్డం పెట్టారు. సాయంత్రం ఆ చేత్తోనే కాగితం అందుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నారు. ఆ చెయ్యి ఈ చెయ్యి ఒకటేనని నేను ఇప్పటికీ నమ్మలేకుండా ఉన్నాను.

ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. వచ్చే అమ్మాయికి మొగుడి పేరు పలకడం మొదటి రోజే అలవాటు చెయ్యండి. ఎప్పుడు ఏ డాక్టరు అడుగుతాడో తెలియదు.

8. మద్రాసు నుంచి ప్రాణంతో వస్తే ఈ కాగితానికి పని లేదు. వచ్చిన మొదటి గురువారం ఆ ఇంటి తలుపు నేనే తీస్తాను. రాకపోతే సరోజినీదేవిగారు తీయాలి. ఎట్లాగైనా ఆ తలుపు తెరుచుకోవాలి. నేను కోరేది అదొక్కటే.

పైన ఖాళీగా వదిలిన పేరు ఇప్పుడు కింద, సంతకం పక్కన రాస్తున్నాను. ఇది రాస్తున్నది ఆ ఇంట్లోనే, కరీంబీ తెచ్చి వేసిన ఆ బల్ల మీదే. నా భర్త నన్ను రిక్షాలో దింపి అరుగు మీద కూర్చున్నారు. రాసిన పేరు పైకి చదవమని, సాక్షిగా వచ్చిన జగన్నాథరావుగారు అడిగారు. చదివాను. వినపడలేదన్నారు. మళ్ళీ చదివాను.

"పిలిచావా?" అంటూ నా భర్త గుమ్మం దాకా వచ్చారు.

మీరు అక్కడే కూర్చోండి, ఇంకా అవలేదన్నాను. ఆయనకు ఏమీ కాలేదు. వెళ్ళి కూర్చున్నారు.

తిరువూరు, 9 జూన్ 1976.

(సంతకం) నాగేశ్వరమ్మ, సీతారామారావుగారి భార్య

సాక్షులు:
1. డాక్టర్ జగన్నాథరావు. ఈమె తెలివిలో ఏ లోపమూ లేదు. భర్త పేరు రెండుసార్లు చెప్పగా విన్నాను.
2. హన్నమ్మ, నర్సు. నేనూ విన్నాను.

చట్టం మాటలు చెప్పినవారు: శాంతయ్య, దస్తావేజు లేఖరి.